వేపాకు, పసుపు, కలబంద: చర్మం దురద, మంటలపై తరచుగా అడిగే ప్రశ్నలు

దురద మొదలవగానే ముందుగా ఏమి రాయాలి?

ముందుగా ఏమీ రాయకండి. చల్లటి నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, ఆ చోటును మంచి వెలుతురులో ఒక్క నిమిషం చూడండి. ఆకు, పసరు, నూనె అన్నీ ఆ తరువాతి మాట.

ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. దురద అనే ఒక్క మాట కింద మన ఇళ్ళలో వేరు వేరు జబ్బులు నడుస్తుంటాయి. వేళ్ళ సందుల్లో, నడుము చుట్టూ, రాత్రిపూట నిద్రపట్టనివ్వని దురద అయితే, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటే, అది గజ్జి కావచ్చు. అది చర్మంలో సొరంగం తవ్వే పురుగు పని. అంచులు ఎర్రగా లేచి, నడుమ తేరుకుని, గుండ్రంగా పాకుతుంటే ఫంగస్ వల్ల వచ్చే తామర. ఒకచోట లేచి గంటల్లో మాయమై మరోచోట తేలేవి దద్దుర్లు. కొత్త గాజులు, బొట్టుబిళ్ళ, చెప్పుల పట్టీ తగిలిన మేరకే కందితే అది ఆ వస్తువు పడకపోవడం.

పేర్ల దగ్గరే మరో చిక్కు ఉంది. చర్మం పొడిబారి, ఎర్రబడి దురదపెట్టే ఎగ్జిమాను కూడా చాలామంది తామర అనే పిలుస్తారు. రెండింటికీ వైద్యం ఒకటి కాదు సరికదా, ఎగ్జిమాకు రాసే స్టెరాయిడ్ లేపనం ఫంగస్ తామరను పెంచి పోషిస్తుంది. కాబట్టి "తామరకు ఏ ఆకు మంచిది" అని అడిగే ముందు, మీ ఒంటిమీద ఉన్నది ఏ తామరో తేల్చుకోవాలి.

తరతరాలుగా వాడుతున్నాం కదా, అంతకంటే రుజువు ఏమి కావాలి?

పెద్దల అనుభవాన్ని నేను తీసిపారేయను. ఏ మొక్కను పరీక్షించాలో శాస్త్రవేత్తలకు దారి చూపింది ఆ అనుభవమే. అయితే చర్మం విషయంలో అనుభవం సులభంగా తప్పుదారి పట్టిస్తుంది. చెమటకాయలు చల్లబడితే తగ్గుతాయి. పురుగు కుట్టిన దద్దు రెండు రోజుల్లో దానంతటదే అణుగుతుంది. ఆ రెండు రోజులూ ఏ ఆకు రాస్తే ఆ ఆకుకే పేరు వస్తుంది.

అందుకే పోలిక కావాలి. పరిశోధనలో మూడు మెట్లు ఉంటాయి. మొదటిది గాజు పళ్ళెంలో: ఆకు సారం పోస్తే బ్యాక్టీరియా చచ్చిందా లేదా. రెండోది ఎలుకల మీద. మూడోది మనుషుల మీద, కొందరికి మందు, కొందరికి వేరొకటి ఇచ్చి, ఎవరికి ఏది దక్కిందో వారికి చెప్పకుండా చూడడం. మన మొక్కల్లో చాలావాటికి మొదటి మెట్టు మీద రుజువులు కుప్పలుగా ఉన్నాయి, రెండో మెట్టు మీద ఓ మోస్తరుగా ఉన్నాయి, మూడో మెట్టు దగ్గరికి వచ్చేసరికి చేతివేళ్ళతో లెక్కపెట్టవచ్చు. "శాస్త్రీయంగా నిరూపితం" అన్న ప్రకటన కనిపించినప్పుడు ఏ మెట్టు మీద అని అడగండి.

వేపకు నిజంగా ఆ శక్తి ఉందా?

ఉంది, కానీ మనం చెప్పుకునేంత తేలలేదు. వేపలోని నింబిడిన్ వంటి పదార్థాలు జంతువుల్లో వాపును తగ్గించాయి. ఆకు, నూనె సారాలు పలు రకాల బ్యాక్టీరియాను, ఫంగస్‌ను పళ్ళెంలో అడ్డుకున్నాయి.

మనుషుల మీద జరిగిన పనిలో తరచుగా ఉదహరించేది 1992లో అచ్చయిన ఒక భారతీయ అధ్యయనం. గజ్జి ఉన్న 814 మందికి వేపాకు, పసుపు కలిపి నూరిన ముద్దను రాశారు. 3 నుంచి 15 రోజుల్లో 97 శాతం మందికి నయమైందని రాశారు. అంకె చూస్తే సంతోషం కలుగుతుంది. కానీ అందులో పోలిక బృందం లేదు. ముద్ద రాయని వారి గతి ఏమిటో, గజ్జికి మామూలుగా వాడే పెర్మెత్రిన్ మందు రాసినవారితో పోలిస్తే ఎలా ఉండేదో అది చెప్పదు. ఇంత చౌకైన మందును పకడ్బందీగా, పెద్ద ఎత్తున మళ్ళీ పరీక్షించి తేల్చవలసిన బాధ్యత మన దేశానిదే అని నా గట్టి నమ్మకం.

అంతవరకు గజ్జికి డాక్టరు రాసే 5 శాతం పెర్మెత్రిన్ లేపనాన్నే నమ్ముకోండి. మెడ నుంచి పాదాల దాకా రాసుకోవాలి, దురద లేనివారితో సహా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలి, పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా గజ్జి తిరిగి వస్తుంది.

ఆటలమ్మ పోసినప్పుడు వేపాకు ఎందుకు వాడతారు? పనిచేస్తుందా?

నాకు ఏడేళ్ళప్పుడు ఆటలమ్మ పోసింది. అమ్మమ్మ పొద్దున్నే గంగాళం నిండా నీళ్ళు పోసి, రెండు గుప్పిళ్ళ వేపరెమ్మలు వేసి పెరట్లో ఎండకు పెట్టేది. మధ్యాహ్నానికి ఆ నీళ్ళు గోరువెచ్చగా, చేదు వాసనతో ఉండేవి. నా గోళ్ళు చర్మం దాకా కత్తిరించి, ఒక లేత వేపరెమ్మ చేతికిచ్చి, "గోకకు నాన్నా, దీనితో అద్దుకో" అనేది. ఆ రెమ్మ చివరి ఆకులు పొక్కుల మీద తగిలితే దురద ఒక్క క్షణం ఆగేది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ పద్ధతిలో ఎంత వివేకం ఉందో తెలుస్తోంది. ఆటలమ్మలో పెద్ద ప్రమాదం గోటి గాట్లలోంచి చీము పట్టడం. గోళ్ళు తీసేయడం, చేతికి రెమ్మ ఇవ్వడం ఆ ప్రమాదాన్ని నేరుగా అడ్డుకున్నాయి. గుమ్మానికి కట్టిన వేపమండ ఇరుగుపొరుగు పిల్లల్ని లోపలికి రానివ్వలేదు. వేపనీళ్ళు వైరస్‌ను చంపుతాయనడానికి మాత్రం మనుషుల మీద రుజువు లేదు. స్నానం మానక్కరలేదు, పథ్యం పేరుతో పిల్లలకు తిండి తగ్గించకూడదు. జ్వరానికి పారాసెటమాల్ ఇవ్వండి, పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి. పెద్దవారికి, గర్భిణులకు ఆటలమ్మ పోస్తే మొదటి 24 గంటల్లోనే డాక్టరును కలవాలి. వైరస్‌ను అణచే మందు అప్పుడైతేనే బాగా పనిచేస్తుంది.

పసుపు పేటెంట్ కేసులో మనం గెలిచాం. అదే రుజువు కాదా?

కాదు. ఈ పొరపాటు చదువుకున్నవారిలోనే ఎక్కువ. 1995లో గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి అమెరికా పేటెంట్ ఇచ్చింది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దాన్ని సవాలు చేసి, ఈ వాడకం భారతదేశంలో ఎప్పటినుంచో ఉందని పాత గ్రంథాలు, 1953లో భారతీయ వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం చూపింది. 1997లో పేటెంట్ రద్దయింది. గర్వించదగ్గ గెలుపే. అయితే అక్కడ తేలింది "ఇది కొత్త సంగతి కాదు" అని. "ఇది పనిచేస్తుందా" అన్న ప్రశ్న ఆ కేసులో ముందుకే రాలేదు.

మరి పసుపు రాస్తే ఏమవుతుంది?

పసుపులో మందుగుణం ఉందని చెప్పుకునేది ముఖ్యంగా కుర్కుమిన్. నిజామాబాద్ కొమ్మయినా, దుగ్గిరాల కొమ్మయినా, బరువులో అది కొద్ది శాతమే. పైగా నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. పసుపును నీళ్ళతో ముద్దచేసి రాసినప్పుడు రంగు బాగా అంటుతుంది, లోపలికి వెళ్ళేది చాలా తక్కువ. నూనెలోనో వెన్నలోనో కలిపి రాసే పాత అలవాటు ఈ లెక్కన మేలైనది.

పళ్ళెంలో కుర్కుమిన్ చూపే ప్రతాపాన్ని కూడా జాగ్రత్తగా తీసుకోవాలి. 2017లో రసాయన శాస్త్రవేత్తలు పాత పరిశోధనలను తిరగేసి, ఈ పదార్థం త్వరగా విచ్ఛిన్నమవుతుందని, పరీక్షా పద్ధతులనే తికమకపెట్టి లేని ఫలితం ఉన్నట్టు చూపగలదని గట్టిగా హెచ్చరించారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి రెండు. ఒకటి, పసుపే పడని చర్మాలు ఉన్నాయి. పెళ్ళిలో నలుగు పెట్టిన రెండోరోజు ముఖం కంది, పొట్టు లేచిన పెళ్ళికూతుళ్ళకు చుట్టాలు మళ్ళీ పసుపే రాయడం చూశాను. రెండోది కల్తీ. రంగు మెరవడానికి సీసం క్రోమేట్ కలపడం బంగ్లాదేశ్‌లో 2019 నాటి పరిశోధనల్లో స్పష్టంగా బయటపడింది. పొడిలోనే కాదు, మెరుగుపెట్టిన కొమ్ముల మీద కూడా. కళ్ళు చెదిరే నిమ్మపండు పసుపు రంగుంటే కొనకండి. పుండు మీద, చిట్లిన చర్మం మీద బజారు పసుపు చల్లకండి.

కలబంద ఎలా వాడాలి? నాకు రాస్తే దురద ఇంకా పెరిగింది.

చాలా మందికి ఇలాగే జరుగుతుంది, తప్పు ఆకును కోసే పద్ధతిలో ఉంది. కలబంద మట్టను మొదలు దగ్గర కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గాజు గ్లాసులో నిలబెట్టండి. పది, పదిహేను నిమిషాల్లో అడుగున పసుపుపచ్చని, ఘాటైన వాసనగల చిక్కటి ద్రవం చేరుతుంది. అది ఆకు తొక్క కిందినుంచి వచ్చే పాలు. అందులో అలోయిన్ ఉంటుంది. దురద పుట్టించేది అదే. దాన్ని పారబోసి, ముళ్ళ అంచులు తీసి, తొక్కను కాస్త మందంగా చెక్కి, లోపలి గాజులాంటి గుజ్జును నీళ్ళలో రెండుసార్లు కడగండి. వేలికి పసుపు మరక అంటకుండా, జారుడుగా, వాసన లేకుండా ఉందంటే రాయడానికి సిద్ధమైనట్టు.

కలబందకు మూడో మెట్టు మీద కొంత బలం ఉంది. కాలిన గాయాలపై జరిగిన నాలుగు అధ్యయనాలను, మొత్తం 371 మందిని, 2007లో కలిపి చూసినప్పుడు కలబంద వాడినవారికి గాయం సుమారు తొమ్మిది రోజులు ముందుగా మానినట్టు తేలింది. అయితే ఒక్కొక్కరు ఒక్కో రకం కలబంద మందు వాడారు. 2012లో, వైద్య పరిశోధనలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్షకులు తాజా, దీర్ఘకాలిక గాయాల విషయంలో నమ్మదగిన రుజువు చాలదన్నారు. పైపైన కందిన చోటికి, ఎండకు మండిన చర్మానికి కడిగిన గుజ్జు రాసుకోవచ్చు. లోతైన గాయంలో పెట్టకండి. బజారులో ఆకుపచ్చగా మెరిసే డబ్బా గుజ్జులో రంగు, సుగంధం, ఆల్కహాలు కలిసి ఉండవచ్చు, మంట పెట్టేవి ఇవే.

వంట చేస్తూ చేయి కాల్చుకుంటే?

కుళాయి కింద చల్లటి నీటి ధారలో ఇరవై నిమిషాలు. గడియారం చూసుకుని ఇరవై. గాజులు, ఉంగరం వాపు రాకముందే తీసేయండి. టూత్‌పేస్టు, సిరా, పేడ, బూడిద, ఐసుముక్క ఏవీ వద్దు. కలబంద గుజ్జు ఆలోచన దీని తరువాతే, అదీ పొక్కు చిట్లకపోతేనే.

కొబ్బరినూనెకు ఏమైనా ఆధారం ఉందా?

మన వంటింటి వస్తువుల్లో నేను అన్నిటికంటే ముందు నిలబెట్టేది దీన్నే. ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లలను రెండు జట్లు చేసి, ఎనిమిది వారాలపాటు ఒకరికి పచ్చికొబ్బరి నుంచి తీసిన నూనె, ఇంకొకరికి మినరల్ ఆయిల్ రాశారు. 2014లో వెలువడిన ఫలితం ప్రకారం జబ్బు తీవ్రత కొలత కొబ్బరినూనె జట్టులో సుమారు 68 శాతం, రెండో జట్టులో 38 శాతం తగ్గింది. చర్మంలోని నీరు ఆవిరైపోకుండా నూనె ఆపుతుంది, అందులోని లారిక్ ఆమ్లం ఎగ్జిమా పుండ్లలో చేరే స్టాఫ్ బ్యాక్టీరియాను అడ్డుకుంటుంది.

స్నానం అయిన రెండు మూడు నిమిషాల్లో, ఒంటిమీద తడి పూర్తిగా ఆరకముందే పలుచగా రాయండి. సువాసన కలిపిన తలనూనె వద్దు. జిడ్డు చుండ్రు ఉన్న మాడుకు, కనుబొమల పొట్టుకు నూనె మంచిది కాదు. అక్కడ ఉండే మలసీజియా ఫంగస్‌కు నూనెలే ఆహారం. అన్ని నూనెలూ ఒకటి కావు కూడా. 2013లో పెద్దవారిపై చేసిన ఒక పరీక్షలో ఆలివ్ నూనె చర్మపు రక్షణ పొరను దెబ్బతీసింది.

పసిబిడ్డకు సున్నిపిండి రుద్దవచ్చా? వేపనూనె?

మొదటి నెలల్లో సున్నిపిండి వద్దు. ఎంత మెత్తగా విసిరినా ఆ పలుకులు పసిచర్మాన్ని గీస్తాయి, మడతల్లో చిక్కుకుని ఒరుపు పెడతాయి. బొడ్డు ఊడిన చోట పసుపు, బూడిద, నూనె ఏవీ పెట్టకుండా పొడిగా ఉంచండి.

వేపనూనెను పసిపిల్లల నోట్లో ఒక్క చుక్క కూడా వేయకండి. వేపనూనె తాగించిన పసిపిల్లలకు వాంతులు, మూర్ఛ, కాలేయం, మెదడు దెబ్బతినడం మలేషియాలో 1980ల మొదట్లోనే వైద్యులు నమోదు చేశారు.

చెమటకాయలకు తాటిముంజలు రుద్దితే తగ్గుతాయా?

హాయిగా ఉంటుంది, చల్లబరుస్తుంది. చెమట నాళాలు మూసుకుపోవడం వల్ల వచ్చేవి గనుక చల్లదనమే వాటికి మందు. ముంజ నీళ్ళు ఆరాక కడిగేయండి, తీపి ఉంటుంది కనుక జిగురు పడుతుంది. చందనం, ముల్తానీ మట్టి మందంగా పట్టించి అలాగే ఉంచితే నాళాలు ఇంకా మూసుకుంటాయి. పలుచని నూలుబట్టలు, గాలి, రెండు పూటలా స్నానం వీటన్నిటికంటే ఎక్కువ మేలు చేస్తాయి.

తామరకు సీమ అవిసె ఆకు రాస్తారు. మంచిదేనా?

ఈ మొక్కకు మంచి గౌరవం ఉంది. ఫిలిప్పీన్స్ ఆరోగ్యశాఖ ప్రజలకు సూచించిన పది ఔషధ మొక్కల్లో ఇది ఒకటి. ఫంగస్‌ను అణచే క్రైసోఫానిక్ ఆమ్లం ఆకులో ఉంది.

అయినా ఇప్పుడు మన దగ్గర ఆకు మీద ఆధారపడమని చెప్పలేను. గత దశాబ్దంలో భారతదేశంలో తామర రూపమే మారిపోయింది. 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరుపెట్టిన ఫంగస్ నడుము, తొడలు, ముఖం దాకా పాకుతోంది, ఇదివరకు బాగా పనిచేసిన టెర్బినఫైన్ అనే ఫంగస్ మందుకు కూడా చాలాచోట్ల లొంగడం లేదు. మందుల దుకాణంలో చీటీ లేకుండా కొని రాసుకునే మూడు మందుల మిశ్రమ లేపనాలు దీనికి ఎరువు వేశాయి. వాటిలోని స్టెరాయిడ్ రెండు రోజుల్లో ఎరుపు తగ్గిస్తుంది, లోపల ఫంగస్ దర్జాగా పెరుగుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన తెచ్చింది. దయచేసి ఆ చీటీ లేకుండా అడగకండి.

కంద, చేమ తరిగినప్పుడు చేతుల దురద ఎలా పోతుంది?

వాటిలో కాల్షియం ఆక్సలేట్ సన్నటి సూదుల్లా పేరుకుని ఉంటుంది. తరిగినప్పుడు ఆ సూదులు చర్మంలో గుచ్చుకుంటాయి. చేతులు తడిగా లేకుండా, ముందే నూనె రాసుకుని తరగడం పెద్దలు చెప్పిన మంచి ఉపాయం. సూదులు నూనెలో చిక్కుతాయి. దురద వచ్చాక చింతపండు పులుసుతో చేతులు రుద్ది కడగడం చాలా ఇళ్ళలో ఉంది. చిట్లిన చర్మం మీద మాత్రం పులుపు మండుతుంది.

దూలగొండి తగిలితే అలర్జీ మాత్ర వేసుకున్నా తగ్గలేదు. ఎందుకు?

ఎందుకంటే అది అలర్జీ దురద కాదు. దూలగొండి కాయ మీది నూగులో మ్యుకునైన్ అనే ఎంజైము ఉంది. అది అలర్జీలో ఒంట్లో విడుదలయ్యే హిస్టమిన్ దారిలో కాకుండా వేరే నాడుల దారిలో దురద పుట్టిస్తుందని 2008 నాటికి తేలింది. దురదలు ఒక రకమే కావని శాస్త్రానికి నేర్పడంలో మన పొలంగట్ల మీది ఈ తీగకు పెద్ద పాత్ర ఉంది. రుద్దితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. అంటుకునే టేపు అద్ది లాగేయండి, తరువాత ధారగా నీళ్ళు పోయండి, బట్టలు మార్చండి.

అసలు రాయకూడనివి ఏమిటి?

జిల్లేడు పాలు, జెముడు పాలు, పచ్చి వెల్లుల్లి ముద్ద, నల్లజీడి రసం. నాలుగూ చర్మాన్ని కాలుస్తాయి. జిల్లేడు పాలు కంటిలో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్ళినా చర్మం పొక్కి నల్ల మచ్చలు పడతాయి.

నల్లజీడి సంగతి కాస్త చెప్పాలి. చాకళ్ళు బట్టలకు గుర్తుపెట్టేది దాని రసంతోనే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన దేశంలో ఉన్న అమెరికా సైనికులకు మెడ వెనుక, చొక్కా గుర్తు తగిలిన చోట పుండ్లు లేస్తే, కారణం ఈ గుర్తేనని 1943లో వైద్యులు రాశారు. జీడిమామిడి, మామిడి దాని చుట్టాలే. అందుకే పలాసలో జీడిగింజలు ఒలిచేవారి చేతులు తొక్క నూనెకు కాలతాయి, వేసవిలో మామిడి సొన తగిలి పిల్లల మూతులు పొక్కుతాయి.

తెల్లమచ్చలకు బావంచాలు పనిచేస్తాయా?

బావంచాల్లో ఉండే సోరలెన్‌లు అతినీలలోహిత కాంతితో కలిసి చర్మంలో మార్పు తెస్తాయి. సోరలెన్ మందు, కొలిచిన కాంతి కలిపి ఇచ్చే చికిత్స 1974 నుంచి ఆధునిక వైద్యంలో నిలబడింది. ఇక్కడ సంప్రదాయం, శాస్త్రం కలిసినట్టే. కానీ ఆ "కొలిచిన" అన్న మాటలోనే అంతా ఉంది. ఇంట్లో గింజలు నూరి రాసి ఎండలో కూర్చుంటే కాలి పొక్కులు లేస్తాయి. ఇది డాక్టరు చేతిమీదుగానే జరగాలి.

విదేశాల్లో ఉంటున్నాం, వేపాకు దొరకదు. బదులు ఏమైనా ఉందా?

మెత్తగా విసిరిన ఓట్స్ పిండి. 2003లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ దాన్ని చర్మరక్షక పదార్థంగా గుర్తించింది. గోరువెచ్చని నీళ్ళలో కలిపి పది నిమిషాలు స్నానం చేయండి. చలిదేశాల్లో దురదకు పెద్ద కారణం పొడిబారడమే కనుక తరువాత వెంటనే కొబ్బరినూనో, సువాసన లేని లేపనమో రాయండి.

ఆయుర్వేద లేపనాలు ఎలాగూ హాని చేయవు కదా?

నిజాయితీగా తయారైనవి చాలా ఉన్నాయి. కానీ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఎగ్జిమా పిల్లలు వాడుతున్న 24 మూలికా లేపనాలను పరీక్షించి 2003లో ప్రకటిస్తే, 20 లేపనాల్లో స్టెరాయిడ్ దొరికింది. లేబుల్ మీద దినుసులు లేకపోయినా, రెండు రోజుల్లో అద్భుతంగా తగ్గి, ఆపగానే ఉప్పెనలా తిరిగి వచ్చినా అనుమానించండి. పసిపిల్లల ముఖానికి అలాంటిది రాస్తే చర్మం పలుచబడిపోతుంది.

కొత్త ఆకు వాడే ముందు పరీక్షించుకోవడం ఎలా?

మోచేతి మడత లోపల, రూపాయి బిళ్ళంత మేర, రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాయండి. ఒక్క రోజు చూసి వదిలేయకండి. అలర్జీ తేలడానికి చాలా రోజులు పట్టవచ్చు.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి?

పెదవులు, కనురెప్పలు ఉబ్బి ఊపిరి ఆడకపోతే ఆ క్షణమే. జ్వరం, చీము, వేగంగా పాకే ఎరుపు, కంటి దగ్గర పొక్కులు, కొత్త మందు మొదలుపెట్టాక నోట్లో పుండ్లతో ఒంటినిండా లేచిన ఎరుపు అయితే అదే రోజు. ఇంటి వైద్యంతో రెండు వారాలైనా తగ్గకపోతే ఇంక ఆగవద్దు.

ఆకు రాసిన సంగతి డాక్టరుకు చెబితే కోప్పడతారేమో?

కోప్పడినా చెప్పండి. పసుపు పూత కింద ఎరుపు కనిపించదు, అందుకని వెళ్ళే ముందు కడుక్కుని వెళ్ళండి. ఏ ఆకో పేరు తెలియకపోతే ఒక రెమ్మను కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్ళండి. లేపనమైతే డబ్బాతో సహా.